చర్లపల్లి నుంచి చటాన్‌పల్లి దాకా

(చర్లపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సైనిక నియంతృత్వాలు మనుషుల్ని చట్టం లేకుండా చంపడం గురించీ, చంపి ఆ తర్వాత కాదనడం గురించీ మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. అర్జెంటీనా, చిలీ, బ్రెజిల్ దేశాల సంగతులు చెబుతాను. కానీ వాటిని చర్లపల్లిలో కూర్చుని చెప్పుకుంటున్నామని మాత్రం మరిచిపోవద్దని కోరుతున్నాను. ఈ ఊరి పేరు చెబితే రాష్ట్రంలో ఎవరికైనా రెండు గుర్తొస్తాయి. ఒకటి ఫ్యాక్టరీలు, రెండోది సెంట్రల్ జైలు. 2019 డిసెంబర్ మొదటి వారంలో నలుగురు విచారణ ఖైదీలు ఈ జైల్లో ఉన్నారు. వాళ్ళను పోలీసు కస్టడీకి తీసుకున్నారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురూ శవాలయ్యారు. ఆ పని మన పేరున, అంటే ఆడవాళ్ళ పేరున జరిగింది. అందుకే దాని గురించి మనం మాట్లాడక తప్పదు.

ముందు దూరదేశాల సంగతి. అర్జెంటీనాలో 1972లో సైనిక పాలన నడుస్తోంది. ఆగస్టులో రాసన్ జైలు నుంచి కొందరు రాజకీయ ఖైదీలు తప్పించుకుని, విమానాశ్రయం దగ్గర లొంగిపోయారు. వాళ్ళను ట్రెలేవ్ అనే ఊరి పక్కన ఉన్న నౌకాదళ స్థావరంలో పెట్టారు. ఆగస్టు 22 తెల్లవారుజామున 19 మందిని గదుల్లోంచి బయటికి పిలిచి కాల్చారు. 16 మంది చనిపోయారు. వాళ్ళలో ఒకామె గర్భవతి. ప్రభుత్వం ఏం చెప్పిందో వినండి. ఖైదీల్లో ఒకడు అధికారి చేతిలోని ఆయుధం లాక్కున్నాడట, పారిపోబోయారట, కాల్చక తప్పలేదట. ఈ కథ మీలో ఎవరికైనా కొత్తగా ఉందా? మన ఉదయం పేపర్లో ఎన్నిసార్లు చదివాం!

ట్రెలేవ్‌లో ముగ్గురు గాయాలతో బతికారు. జరిగింది వాళ్ళు చెప్పారు. తర్వాత 1976లో వచ్చిన నియంతృత్వ కాలంలో ఆ ముగ్గురినీ కూడా లేకుండా చేశారు. అయినా వాళ్ళు చెప్పిన మాట మిగిలింది. 40 ఏళ్ళ తర్వాత, 2012లో, అర్జెంటీనా కోర్టు ముగ్గురు మాజీ నౌకాదళ అధికారులకు యావజ్జీవ శిక్ష వేసింది. అమెరికాలో స్థిరపడిన ఇంకొక అధికారిని 2022లో మయామీలో సివిల్ జ్యూరీ బాధ్యుడిగా తేల్చింది. ఆ ముగ్గురి మాటను ఎవరో రాసిపెట్టుకున్నారు, దాచిపెట్టారు కాబట్టే అన్నేళ్ళ తర్వాత కోర్టు దాకా వచ్చింది.

చిలీలో 1973లో సైన్యం అధికారం పట్టుకుంది. 1975 జూలైలో 119 మంది పేర్లు పేపర్లలో వచ్చాయి. వాళ్ళు విదేశాల్లో తమలో తాము కొట్టుకుని చచ్చారని వార్త. ఆ వార్తకు ఆధారం ఏమిటంటే బ్రెజిల్‌లో ఒకటి, అర్జెంటీనాలో ఒకటి, రెండు పత్రికలు. ఆ అబద్ధం అచ్చువేయడానికే వాటిని బయటికి తెచ్చారు. నిజానికి ఆ 119 మందినీ చిలీ రహస్య పోలీసులే పట్టుకుపోయారు. బ్రెజిల్‌లో 1975 అక్టోబర్‌లో వ్లదిమీర్ హెర్జోగ్ అనే పాత్రికేయుడిని సైన్యం విచారణకు పిలిచింది. వెళ్ళినవాడు శవమై వచ్చాడు. ఉరేసుకున్నాడని ఒక ఫొటో కూడా చూపించారు. ఆయన భార్య ఆ మాట ఒప్పుకోలేదు. హింస వల్ల చనిపోయాడని మరణ ధ్రువపత్రం దిద్దించుకునేసరికి 2013 వచ్చింది.

నిరాకరణ అంటే హత్య తర్వాత నాలిక మడతపెట్టి చెప్పే ఒక అబద్ధం మాత్రమే అని మనం అనుకుంటాం. కాదు. హత్యను తలపెట్టినప్పుడే దాన్ని కాదనడమూ తలపెడతారు. చోటు, సమయం చూసుకుంటారు. తెల్లవారకముందు, మనుషులు లేనిచోట. శవాన్ని ఏం చేయాలో, పోస్టుమార్టం ఎవరు చేయాలో, పత్రికలకు ఏం చెప్పాలో ముందే ఉంటుంది. చచ్చినవాడు నోరు విప్పలేడు. చంపినవాడే ఫిర్యాదుదారు, అతనే సాక్షి, అతని శాఖే దర్యాప్తు అధికారి. నియంతృత్వానికీ మనకూ తేడా చూడాలంటే ముందు ఈ ఏర్పాటు ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో చూడాలి.

ఇక ఈ నిరాకరణను బద్దలు కొట్టింది ఎవరు? అర్జెంటీనాలో 1977 ఏప్రిల్ 30న 14 మంది తల్లులు రాజధానిలోని ప్లాసా దె మాయోలో, అధ్యక్ష భవనం ఎదురుగా నిలబడ్డారు. మా పిల్లలు ఎక్కడ అన్నదే వాళ్ళ ప్రశ్న. గుంపుగా నిలబడకూడదు, కదలండి అన్నారు పోలీసులు. సరే అని ఆ చౌకు చుట్టూ నడవడం మొదలుపెట్టారు. ప్రతి గురువారం నడిచారు. అదే ఏడాది డిసెంబర్‌లో వాళ్ళలో ముందు నిలిచిన ముగ్గురిని సైన్యం ఎత్తుకుపోయింది. సముద్రంలో పారేసిన శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. పేరు లేని సమాధుల్లో పూడ్చారు. ఆ ఎముకలు ఎవరివో 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. 1984లో ఆ దేశపు విచారణ సంఘం దాదాపు 9 వేల మంది అదృశ్యాన్ని పేర్లతో సహా నమోదు చేసింది. హక్కుల సంఘాలు 30 వేలు అంటాయి. 2023 ఎన్నికల ప్రచారంలో, తర్వాత అధ్యక్షుడైన అభ్యర్థే టీవీలో నిలబడి 30 వేలు కాదు, 8,753 అని లెక్క దిద్దాడు. అంటే నియంతలు పోయి 40 ఏళ్ళయినా కాదనడం ఆగలేదన్నమాట. హత్య ఒక్క రాత్రితో అయిపోతుంది. దాన్ని కాదనడం తరాల పాటు సాగుతుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. మనకు సైనిక నియంతృత్వం లేదు. ఎన్నికలున్నాయి, కోర్టులున్నాయి, పేపర్లున్నాయి. అయితే ఎమర్జెన్సీ వచ్చిన నెలకే, 1975 జూలై 25న, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎన్‌కౌంటర్ పేరున చనిపోయారు. వాళ్ళలో ఒకరు వరంగల్ ఇంజనీరింగ్ కాలేజి విద్యార్థి. 1977లో జస్టిస్ తార్కుండే అధ్యక్షతన ఒక కమిటీ ఊళ్ళు తిరిగి సాక్ష్యం సేకరించింది. కన్నబిరాన్ గారు, కాళోజీ గారు అందులో ఉన్నారు. ఎదురుకాల్పులు జరగలేదనీ, పట్టుకుని చంపారనీ ఆ కమిటీ చెప్పింది. ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్‌ను వేసింది. సాక్ష్యాలు బయటికి రావడం మొదలయ్యాక, విచారణ రహస్యంగా జరగాలని రాష్ట్ర ప్రభుత్వమే పట్టుబట్టింది. ఆ విచారణ అలాగే ఆగిపోయింది.

ఎమర్జెన్సీలోనే, 1976 ఏప్రిల్ 28న, నిర్బంధంలో ఉన్న మనిషికి కోర్టుకు వెళ్ళే హక్కు లేదని సుప్రీంకోర్టులో నలుగురు న్యాయమూర్తులు తీర్పిచ్చారు. జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. పోలీసు ద్వేషంతో ఒక మనిషిని చంపినా కోర్టు ఏమీ చేయలేదా అని ఆయన విచారణలో అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతవరకూ చేయలేదనే ప్రభుత్వ న్యాయవాది జవాబు. ఎమర్జెన్సీ 1977లో పోయింది. ఎన్‌కౌంటర్ పోలేదు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తెస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలను ఆలేరు దగ్గర పోలీసు వాహనంలోనే కాల్చారు. చేతులకు బేడీలున్నాయి. ఆయుధం లాక్కోబోయారన్నారు. అదే రోజు శేషాచలం అడవిలో ఎర్రచందనం నరికే 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. ఒకే రోజు, రెండు రాష్ట్రాలు, ఒకే కథ.

ఇక చటాన్‌పల్లి. 2019 నవంబర్ 27 రాత్రి తొండుపల్లి టోల్‌గేటు దగ్గర ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం జరిగింది, ఆమెను చంపి కాల్చేశారు. ఆమె అసలు పేరు చెప్పకూడదని చట్టం కాబట్టి దిశ అన్నారు. ఆ రాత్రి ఆమె ఇంట్లోవాళ్ళు పోలీసుల దగ్గరికి వెళితే ఇది మా పరిధి కాదు, ఆ స్టేషన్‌కు వెళ్ళండి అని తిప్పారు. దానికి ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు కూడా. నలుగురు లారీ పనివాళ్ళను అరెస్టు చేశారు. దేశమంతా రగిలింది. ఆ కోపం న్యాయమైనది. మనమందరం ఆ కోపంలో ఉన్నాం. వారం తిరగకముందే, ఆమె వస్తువులు చూపిస్తారని నలుగురినీ తెల్లవారకముందు చటాన్‌పల్లికి తీసుకెళ్ళారు. రాళ్ళతో, కర్రలతో దాడి చేశారనీ, రెండు తుపాకులు లాక్కున్నారనీ, అందుకే కాల్చామనీ చెప్పారు.

అదే రోజు సాయంత్రం కొందరు మహిళా, హక్కుల కార్యకర్తలు రాసిన ఉత్తరం మీద హైకోర్టు స్పందించి, శవాలను భద్రపరచమంది, పోస్టుమార్టం వీడియో తీయమంది. ఆ ఉత్తరం లేకపోతే ఆ శవాలు మర్నాటికి బూడిదయ్యేవి. తర్వాత డిసెంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు రెండోసారి పోస్టుమార్టం చేశారు. సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2022 మే 20న ఆ నివేదికను బయటపెట్టి, తెలంగాణ హైకోర్టుకు పంపింది. కమిషన్ తేల్చింది ఇది: పోలీసులు సేఫ్ హౌస్ నుంచి చటాన్‌పల్లి దాకా చెప్పినదంతా కల్పితం. వాళ్ళు ఆయుధాలు లాక్కోవడం అసాధ్యం. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారు. 10 మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలి. ఇంకొక సంగతి. చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లు. బడి రికార్డులు తీసి చూసుంటే మొదటి రోజే తెలిసేది. ఆ నివేదిక మీద చర్యలు తీసుకోకుండా 2024 మే నెలలో హైకోర్టు సింగిల్ జడ్జి స్టే ఇచ్చారు.

చిలీకీ మనకూ ఉన్న తేడా ఇక్కడ కనిపిస్తుంది. చిలీలో జనం ఆ అబద్ధాన్ని నమ్మాలని ప్రభుత్వం కోరుకుంది. చటాన్‌పల్లిలో జనం నమ్మాలని ఎవరూ కోరుకోలేదు. వంతెన మీద నుంచి పోలీసుల మీద పూలు చల్లారు. ఆడపిల్లలు రాఖీలు కట్టారు. టపాసులు కాల్చారు. నిజంగానే ఆత్మరక్షణ కోసం కాల్చారని నమ్మితే ఎవరైనా పూలు చల్లుతారా? కావాలని చంపారని తెలుసు కాబట్టే చల్లారు. బయట చంపినందుకు దండలు. కోర్టులో చంపలేదు, మమ్మల్ని మేం కాపాడుకున్నాం అని ప్రమాణపత్రం. బజారులో ఒక నాలుక, బోనులో ఒక నాలుక. ఈ రెండు నాలుకల నిరాకరణ ఇంకా ప్రమాదకరం. అబద్ధాన్ని బయటపెడితే నిరాకరణ కూలుతుందని ప్లాసా దె మాయో తల్లులకు నమ్మకం ఉండేది. అందరికీ తెలిసిన అబద్ధాన్ని ఎవరికి బయటపెడతాం?

ఆ రోజుల్లో ఒక బస్తీలో మిఠాయి పంచుతున్నారు. ఒక పెద్దావిడ నన్ను సూటిగా అడిగింది. "నీకు ఆడపిల్ల ఉందా అమ్మా? ఉంటే ఇట్లా మాట్లాడవు." ఈ ప్రశ్న మీ అందరికీ ఎదురయ్యే ఉంటుంది. రేపిస్టుల పక్షం అంటారు. దీనికి కోపం తెచ్చుకోవద్దు. ఆ పెద్దావిడ కోపం వెనక ఆమె అనుభవం ఉంది. స్టేషన్‌కు వెళితే ఫిర్యాదు తీసుకోరు. కేసు పెడితే ఏళ్ళు పడుతుంది. సాక్షులు తిరిగిపోతారు. నిందితుడు బెయిల్ మీద అదే గల్లీలో తిరుగుతాడు. ఇది నిజం. ఈ నిజాన్ని ఒప్పుకోకుండా మనం చట్టబద్ధ పాలన గురించి పాఠం చెబితే ఎవరూ వినరు.

అయితే ఆమెను మూడు సంగతులు ఆలోచించమని అడగాలి.

మొదటిది. ఆ రాత్రి ఫిర్యాదు తీసుకోకుండా తిప్పిందీ, వారం తర్వాత తుపాకీ పేల్చిందీ ఒకటే శాఖ. విచారణ జరిగి ఉంటే, ఆ రాత్రి గస్తీ ఏమైందీ, పరిధి పేరున ఎంతసేపు పోయిందీ అన్నీ కోర్టులో ప్రశ్నలయ్యేవి. నలుగురితో పాటు ఆ ప్రశ్నలను కూడా చంపేశారు. ఆ నలుగురే చేశారని కోర్టులో రుజువయ్యే అవకాశం కూడా పోయింది. చనిపోయిన ఆ అమ్మాయికి దక్కాల్సిన తీర్పు దక్కలేదు, ఇక దక్కదు.

రెండోది. ఈ తుపాకీ ఎవరి మీద పేలుతుంది, ఎవరి మీద పేలదు? 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. మూడు రోజులకే ముగ్గురు నిందితులను ఎన్‌కౌంటర్ చేశారు. అప్పుడూ పూలు చల్లారు. ఇక ఆడపిల్లల జోలికి ఎవరూ రారన్నారు. వచ్చారా లేదా మీకే తెలుసు. 1978లో ఇక్కడికి దగ్గరలోనే నల్లకుంట పోలీసు స్టేషన్‌లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్తను కొట్టి చంపారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరం అంది. పోలీసులు మాత్రం ఆమె నడత మంచిది కాదని వాదించారు. కేసు రాయచూరుకు బదిలీ అయింది, 1981లో అందరూ విడుదలయ్యారు. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలో వాకపల్లిలో గ్రేహౌండ్స్ బలగాలు అత్యాచారం చేశాయని 11 మంది ఆదివాసీ స్త్రీలు చెప్పారు. 2023 ఏప్రిల్ 6న కోర్టు 13 మంది పోలీసులనూ విడుదల చేసింది. దర్యాప్తు సరిగ్గా చేయలేదంటూ ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. వాకపల్లి స్త్రీలు ఎవరినీ కాల్చమని అడగలేదు. సరైన దర్యాప్తు అడిగారు. 16 ఏళ్ళు అడిగారు. నిందితుడు ఖాకీలో ఉంటే దర్యాప్తు కూడా దొరకదు, లారీ క్లీనర్ అయితే ఏడు రోజుల్లో చావు దొరుకుతుంది. దీన్ని స్త్రీలకు న్యాయం అందామా?

మూడోది. విచారణ లేకుండా చంపే అధికారం ఒకసారి మనం చప్పట్లు కొట్టి ఇస్తే, దాన్ని ఎవరి మీద వాడాలో తర్వాత మనల్ని అడగరు. గిరాయిపల్లి నుంచి ఆలేరు దాకా చనిపోయినవాళ్ళ తల్లులూ, భార్యలూ కూడా ఆడవాళ్ళే. మణిపూర్‌లో ఇలా భర్తలను పోగొట్టుకున్న స్త్రీలు సంఘం పెట్టుకుని 1,528 మరణాల జాబితా సుప్రీంకోర్టు ముందు పెట్టారు. కోర్టు వేసిన జస్టిస్ సంతోష్ హెగ్డే కమిషన్ 2013లో ఆరు కేసులు పరిశీలిస్తే ఆరూ బూటకమే అని తేలింది. 2017లో సీబీఐ దర్యాప్తుకు ఆదేశించారు. ఆ జాబితాను తయారుచేసింది చేనేత మగ్గాల దగ్గర, కూరగాయల బజారులో కూర్చునే సామాన్య స్త్రీలు.

ఇక మనం ఏం చేయగలం? పెద్ద మాటలు కాకుండా చేతనైన పనులు చెబుతాను.

చట్టం కొంత ఉంది. దాన్ని వాడదాం. ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్ల మీద పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదుల వల్లనే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996లో నిర్ణయం చెప్పి, 1997 మార్చిలో అన్ని రాష్ట్రాలకూ ఉత్తరం రాసింది. చంపిన పోలీసు స్టేషనే దర్యాప్తు చేయకూడదంది. ప్రతి ఎన్‌కౌంటర్ మీదా కేసు పెట్టాలి, ఆత్మరక్షణ అనేది కోర్టులో రుజువు చేసుకోవాలి అని 2009 ఫిబ్రవరిలో మన హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. దాని మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అయినా 2014 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టే 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్.ఐ.ఆర్. నమోదు కావాలి, సీఐడీ గానీ వేరే స్టేషన్ గానీ దర్యాప్తు చేయాలి, మెజిస్ట్రేటు విచారణ జరగాలి, చనిపోయినవాళ్ళ బంధువులకు వెంటనే చెప్పాలి, ఘటన జరిగిన వెంటనే పతకాలు, పదోన్నతులు ఇవ్వకూడదు. కస్టడీ మరణాన్ని 24 గంటల్లో మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలి. ఈ మాటలు ప్రతి కార్యకర్త దగ్గరా ఒక కాగితం మీద ఉండాలి.

ఒక మనిషిని పట్టుకుపోయారని తెలిసిన గంటే ముఖ్యం. ఎవరు తీసుకెళ్ళారు, ఏ బండిలో, ఎన్ని గంటలకు, ఎవరు చూశారు అని రాసుకోండి. వయసు రుజువు చేసే బడి కాగితాలు ఇంట్లోవాళ్ళ చేత తీయించండి. కోర్టుకూ, కమిషన్‌కూ అదే రోజు ఉత్తరం పంపండి. చనిపోయాక అయితే రెండో పోస్టుమార్టం, వీడియో అడగండి. ఆ ఇంటి ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఊరు వెలివేసినట్టు చూస్తున్న తల్లి దగ్గర, చంకలో బిడ్డతో ఉన్న భార్య దగ్గర కూర్చోవడం నేరాన్ని సమర్థించడం కాదు.

వీటన్నిటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది. అత్యాచార బాధితురాలి పక్కన మొదటి రోజు నుంచి తీర్పు దాకా ఉండాలి. ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాల్సిందేనని పట్టుబట్టాలి, వైద్యపరీక్షకు తోడు వెళ్ళాలి, వాయిదా వాయిదాకూ కోర్టుకు నడవాలి. ఈ పని మనం చేసినంతగా ఎన్‌కౌంటర్ వద్దని చెప్పే హక్కు మనకు వస్తుంది. బస్తీలో ఆ పెద్దావిడకు నేను చెప్పిన జవాబు కూడా ఇదే. నీ మనవరాలి కేసు కోర్టులో నెగ్గేదాకా నీ వెంట నడుస్తాను, కానీ ఆమె పేరు మీద ఎవరినీ చంపనివ్వను అన్నాను. ఆవిడ ఒప్పుకుందని చెప్పను. మళ్ళీ రమ్మంది. వెళుతున్నాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి.